దొంగ వదిలేసిన ఇల్లు

తన ఇంట్లో తనే దొంగతనం చేయాలని ఎవేలియో శనివారం మధ్యాహ్నం నిశ్చయించుకున్నాడు.

కారణం పరువు. బరాంకియా ఊళ్లో అతనుండే సందులో ఎనిమిదిళ్లు. మూడు నెలల్లో ఏడిళ్లకు దొంగ వచ్చి వెళ్లాడు. ఎవేలియో గడప మాత్రం తొక్కలేదు.

మరొకరైతే దేవుడికి దండం పెట్టుకునేవాళ్లు. ఎవేలియోకు తల కొట్టేసినట్టయింది. బస్సు డిపోలో టిక్కెట్లమ్మే ఈ యాభై ఎనిమిదేళ్ల మనిషి ఆ సందు మొత్తానికీ సామాన్ల నిపుణుడు. ఏ టీవీ కళ్లకు మంచిది, ఏ స్పీకరు ఆరు నెలల్లో గరగరలాడుతుంది, ఏ కారు వానలకు వీధి వాగైనప్పుడు మొండికేస్తుంది, అడిగినా చెప్తాడు, అడక్కపోయినా చెప్తాడు. కార్ల గురించైతే భార్య నూబియాకు ముప్పై ఏళ్లుగా చెప్తూనే ఉన్నాడు. అయితే డిపోకు వెళ్లేది బస్సులోనే. ఇంట్లో ఉన్నది పదిహేడేళ్ల నాటి, వెనక మూపురమున్న టీవీ. ఇదేమిటని ఎవరైనా అడిగితే, "వైద్యుడు తన మందు తనే మింగుతాడా?" అనేవాడు.

కిందటి వారం కొత్త టీవీ పోగొట్టుకున్న పక్కింటి దాగోబెర్తో డామినోల బల్ల దగ్గర మొదలుపెట్టాడు.

"దొంగ మీ కిటికీలోంచి కచ్చితంగా తొంగిచూసుంటాడు, నేస్తం. ఆ టీవీ చూసి, వీడు నాకన్నా బీదవాడని జాలిపడి పోయుంటాడు."

అందరూ నవ్వారు. ఎవేలియో కూడా నవ్వాడు. "వట్టి జాలి కాదు, గుమ్మంలో చిల్లర కూడా పెట్టిపోయుంటాడు. నేనే చూసుకోలేదు," అన్నాడు. ఇంటికెళ్లాక మాత్రం ముద్ద దిగలేదు.

నూబియా ఇంటింటికీ కర్టెన్లు కుట్టి తగిలిస్తుంది. శనివారం ఆవిడ కొలతలకని వెళ్లగానే ఎవేలియో సుత్తి తీసుకుని వంటింటి కిటికీ పగలగొట్టాడు. గాజు ముక్కలన్నీ బయట పెరట్లో పడ్డాయి. దొంగ లోపల్నుంచి బయటికి దూరడని అప్పుడు గుర్తొచ్చింది. బయటికెళ్లి ఒక్కొక్క ముక్కా ఏరి లోపలికి విసిరాడు. వేలు తెగింది. టీవీ ఎత్తబోతే నడుం పట్టేసింది. చివరికి పాత సామాన్ల కంచరగాడిద బండివాణ్ణి పెరటి దారిన పిలిచాడు. వాడు టీవీ చుట్టూ ఒకసారి తిరిగి, దాన్ని తీసుకెళ్లడానికి ఎదురు డబ్బులడిగాడు. ఎవేలియో నోరు మూసుకుని ఇచ్చాడు.

పోలీసులకు ఫోను చేస్తే గంటలో సార్జంట్ బర్రాసా వచ్చాడు. వెనకే సందు సందంతా గుమ్మంలో మూగింది.

"ఏం పోయాయి?"

"టీవీ. ఈమధ్యే పాతది తీసేసి కొన్నాను. అరవై అయిదంగుళాలు. కాగితమంత పల్చన," అన్నాడు ఎవేలియో, నడుం పట్టుకుని. "దాంతోపాటు అయిదు స్పీకర్లు."

దాగోబెర్తో నోరు తెరిచాడు. "ఇంత సరుకు ఇంట్లో పెట్టుకుని ఎప్పుడూ చెప్పలేదేం, దోన్ ఎవేలియో?"

అతని నోట 'దోన్' అన్న గౌరవపు మాట రావడం అదే మొదటిసారి. "గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు," అన్నాడు ఎవేలియో.

సార్జంట్ గాజు ముక్కల్ని బూటుతో కదిపాడు.

"వింతగా ఉంది. మిగతా ఏడిళ్లలో ఒక్క గాజు పగల్లేదు, ఒక్క తాళం విరగలేదు. మారుతాళాలతో దర్జాగా వచ్చిపోయాడు. ఇక్కడే ఎందుకు తొందరపడ్డాడో? ఏదో ఒక ఆనవాలు వదిలే ఉంటాడు. రేపు పొద్దున వేలిముద్రలవాళ్లతో వచ్చి, అల్మరాలతో సహా ఇల్లంతా చూస్తాను. అప్పటిదాకా ఏదీ కదపొద్దు. గుమ్మంలో మా వాణ్ణొకణ్ణి, పెరట్లో ఒకణ్ణి ఉంచుతున్నాను."

ఇంత హడావిడి అవుతుందని ఎవేలియో అనుకోలేదు. అయినా పల్చటి టీవీ ఎక్కడా దొరకదు గనక ధైర్యం తెచ్చుకున్నాడు. పుట్టని బిడ్డను ఎవరు పట్టుకొస్తారు?

మెడలో టేపుతో నూబియా వచ్చేసరికి జనం వెళ్లిపోతున్నారు. గుమ్మంలో పోలీసును చూసి ఆవిడ ముఖం పాలిపోయింది. రోజూ సాయంత్రం ఆవిడ సీరియల్ చూసేది ఆ టీవీలోనే. ఎవేలియోకు జాలేసింది. వంటింట్లో కూర్చోబెట్టి, కాఫీ కలిపిచ్చి, గొంతు తగ్గించి జరిగిందంతా చెప్పేశాడు. గాజు ముక్కలు ఏరడం, నడుం పట్టేయడం, బండివాడికి ఎదురివ్వడం, ఏదీ దాచలేదు.

"దొంగలందరిలోకీ దద్దమ్మ ఎవడని అడిగితే నన్ను చూపించు, నూబియా. దొంగసొత్తు వదిలించుకోవడానికి డబ్బిచ్చింది లోకంలో నేనొక్కణ్ణే."

ఆవిడ నవ్వుతుందనుకున్నాడు. కనీసం తిడుతుందనుకున్నాడు. ఆవిడ కాఫీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు.

"రేపు ఇల్లంతా వెతుకుతారా?"

"వెతకనీ. అల్మరాలతో సహా చూస్తారట. మనకేం భయం?"

నూబియా అతని తెగిన వేలిని తన చేతిలోకి తీసుకుంది.

"నీకో కారు కొనిపెడదామని ఆ ఏడిళ్లూ దోచింది నేనే, ఎవేలియో. ఆ మారుతాళాలున్న అల్మరా దగ్గరికి పోలీసుల్ని నువ్వు పిలుచుకొచ్చావు."