పళ్ళ డాక్టరు పక్క గది

ఈ వయసులోనూ నా నోట్లో ఉన్న ముప్పై రెండు పళ్ళూ నావే. ఒకసారి నూతిలో పడ్డ దూడను, దాని పగ్గం పళ్ళతో కరిచిపట్టి పైకి లాగాను. అంత గట్టి నోటితో చెబుతున్నాను, ఇందులో ఆవగింజంత అబద్ధం కూడా ఉండదు.

"ఆ ఒక్క కుర్చీ కూడా ఇచ్చెయ్యండి సార్. మా పేషెంట్లు నిలబడిపోతున్నారు," అన్నాడు పళ్ళ డాక్టరుగారి కాంపౌండరు, గుమ్మంలోంచే చెయ్యి చాపి.

"ఇవాళ ఇవ్వను," అన్నాడు ఆ గదిలో కూర్చున్న కెరీర్ కోచ్.

"ఎవరైనా వస్తున్నారా ఏంటి?" కాంపౌండరు నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"రావచ్చు."

"రావచ్చులెండి. వానా రావచ్చు," అంటూ వెళ్ళిపోయాడు.

మిగతా కుర్చీలన్నీ పొద్దున్నే పక్క గదికి తరలిపోయాయి. అక్కడ మూలుగులు, దగ్గులు, పలకరింపులు. ఇక్కడ ఫ్యాను చప్పుడు. కోచ్ పెద్ద కంపెనీలో మేనేజరు ఉద్యోగం వదిలేసి, జనానికి ఉద్యోగాల దారి చూపించే ఒక సంస్థ ఫ్రాంచైజీ తీసుకున్నాడు. పేరు వాళ్ళది, బోర్డు వాళ్ళది, అడగవలసిన ప్రశ్నలు కూడా వాళ్ళు అచ్చేసి పంపిన కార్డులే. కార్డు మీద ఒక్క మాట మార్చకూడదు. బావమరిదినో తోడల్లుణ్ణో కూర్చోబెట్టి క్లయింటు అనకూడదు. ఇవాళ సాయంత్రంలోగా ఒక్క క్లయింటు చేతనైనా కార్డులన్నిటికీ జవాబు చెప్పించకపోతే, ఈ పేటలో ఫ్రాంచైజీ ఇంకొకరికి ఇచ్చేస్తారు. పాత బాసు మధ్యాహ్నమే ఫోన్ చేశాడు. "నీ సీటు ఖాళీగానే ఉందోయ్. బుద్ధొచ్చుంటే రేపు వచ్చెయ్."

కోచ్ ఫ్లాస్కులోంచి రెండు కప్పుల్లో టీ పోశాడు. రోజూ అంతే. రెండోది చల్లారాక తనే తాగేవాడు.

పొద్దు వాలుతుండగా ఒక పెద్దాయన కుడి చెంప పట్టుకుని మెట్లెక్కాడు. గుమ్మడికాయంత పన్ను బొమ్మ వేలాడుతున్న గుమ్మాన్ని దాటుకుని, తిన్నగా ఈ గదిలోకి వచ్చాడు.

"అబ్బబ్బా... పళ్ళ డాక్టరువి నువ్వేనా బాబూ?"

కోచ్ నోరు తెరిచాడు. ఖాళీ కుర్చీ కేసి చూసి మూసుకున్నాడు. మనసొప్పక మళ్ళీ తెరిచాడు.

"కాదండీ, ఆయన పక్క గది. అక్కడ చాలామంది ఉన్నారు. మీ వంతు వచ్చేదాకా ఇక్కడ కూర్చుంటారా? కొన్ని ప్రశ్నలు అడుగుతాను."

"పీకడాలేం లేవుగా?"

"ప్రశ్నలేనండీ."

"అయితే కానీ."

కోచ్ మొదటి కార్డు తీశాడు. "మీ గురించి చెప్పండి."

పెద్దాయన మొదలుపెట్టాడు. రెండో కప్పు టీ వేడివేడిగా ఖాళీ అయింది. కిటికీలో ఎండ నేల మీంచి గోడెక్కింది. ఆయన ఇంకా బడి ఎగ్గొట్టి చెట్టెక్కిన దగ్గరే ఉన్నాడు. కోచ్ ఆపలేదు.

"మీ ముఖ్యమైన బలం?"

"పళ్ళు తప్ప అన్నీ."

"వచ్చే ఐదేళ్ళలో మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

"గోడ మీద. మంచి ఫ్రేములో."

కోచ్ పకాలున నవ్వాడు. ఆ గదిలో నవ్వు వినపడటం అదే మొదలు.

"మేకు కొట్టడానికే మనిషి లేడనుకో," అన్నాడు పెద్దాయన.

కోచ్ నవ్వు ఆగిపోయింది.

"ఇంతకీ, ఇదివరకు నువ్వేం చేసేవాడివి నాయనా?"

"అది కార్డులో లేదండీ."

"నా కార్డులో ఉంది. చెప్పు."

"మనుషుల్ని ఉద్యోగంలోంచి తీసెయ్యడం నా పని. మెత్తగా మాట్లాడతానని ఎప్పుడూ నాకే అప్పగించేవారు. ఒకరోజు నా పక్కన కూర్చుని అన్నం తినేవాణ్ణే పంపించేశాను. అలాంటివాళ్ళకి ఇంకో దారి చూపిద్దామని ఇది పెట్టాను. ఒక్కరూ రాలేదు. నా మొహం చూసి ఎవరొస్తారు?"

"నేనొచ్చాను కదయ్యా!"

"మీరు పన్ను కోసం వచ్చారండీ."

పెద్దాయన గబుక్కున చెంప పట్టుకున్నాడు.

ఫోన్ మోగింది. హెడ్డాఫీసు. క్లయింటు ఉన్నాడని కోచ్ చెప్పగానే, ఫోన్ ఆయనకే ఇవ్వమంది అవతలి అమ్మాయి.

"సార్, కోచ్ గారు మీకు బంధువా?"

పెద్దాయన కోచ్ కేసి ఎగాదిగా చూశాడు. "ఇంకా కాలేదమ్మా."

"కార్డులన్నీ అడిగారా?"

"అడిగాడు. విన్నాడు కూడా."

"మరి మీ లక్ష్యం ఏదైనా ఖాయం చేసుకున్నారా?"

"రేపు మళ్ళీ ఇక్కడికి రావాలి. నవ్వకు తల్లీ, నా మోకాళ్ళకి ఆ మెట్లు చిన్న లక్ష్యమేం కాదు."

"రాసుకున్నాను సార్. కోచ్ గారికి చెప్పండి, ఆ పేట ఆయనదే."

కోచ్ ఫోన్ తీసుకున్నాడు. పాత బాసుకి కలిపాడు. "ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి సార్. ఇక్కడ కుర్చీ ఖాళీ లేదు."

పెద్దాయన లేచాడు.

"అదేంటండీ, పన్ను చూపించుకోరా?"

"రేపు చూద్దాంలే," అంటూ ఎడమ చెంప పట్టుకుని మెట్లు దిగాడు.

ఇదీ జరిగింది. ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ పన్ను నొప్పి. నావి కట్టుడు పళ్ళు, వాటికి నొప్పేమిటి? దూడ సంగతి మీరిక అడక్కండి. ఆ కుర్చీలో కూర్చోవడానికి నాకు అంతకంటే మంచి వంక దొరకలేదు.