శత్రువు వేషం

సముద్రంలోంచి నేరుగా ఇసుక మీదికి పాకి వచ్చే మిలటరీ బండ్లే, యుద్ధ విన్యాసాలు లేని రోజుల్లో ఆ ఊరికి బస్సులు. వాటికి డ్రైవరుండడు; మనుషుల్ని గుర్తుపట్టి వాటంతటవే నడుస్తాయి. విన్యాసాలప్పుడు ఒడ్డున శత్రువు వేషం కట్టడం నూకరత్నం ఉద్యోగం.

ఆవేళ కూతురు ఝాన్సీకి ఒళ్లు కాలిపోతోంది. ఆస్పత్రికి వెళ్లాలని, పిల్లను చంకనేసుకుని కాలుగాలిన పిల్లిలా ఒడ్డంతా తిరిగింది. తీరా బండి వచ్చి, అందరినీ ఎక్కించుకుని, ఆమెను చూడగానే తలుపు మూసేసింది.

"నిన్ను సెత్రువనుకుంతంది వదినా! సేతులెత్తు!" లోపల్నుంచి పక్కింటి అప్పన్న అరిచాడు.

నూకరత్నం పిల్లను దించి, డ్యూటీలో లొంగిపోయినట్టే రెండు చేతులూ పైకెత్తింది. తలుపు తెరుచుకుంది.

"రాయే, బేగి ఎక్కు" అంటూ నూకరత్నం కూతురి వైపు తిరిగింది.

జ్వరంతో తూలుతూనే, ఝాన్సీ కూడా రెండు చేతులూ ఎత్తి నిలబడి ఉంది.