లిస్టులో లేని ప్రిస్కిల్లా

“పత్తి ఏరవోతే ఊరిడిసిపెట్టి పోయినట్టా, టీచరమ్మా?”

ప్రిస్కిల్లా గొంతుకు అంగన్‌వాడీ పిల్లలు గుడ్లు తినడం మానేసి చూశారు. టీచరు మమతారాణి తల పట్టుకుంది. ఊరి ఓటర్ల లిస్టు పని కూడా ఆమె నెత్తి మీదే ఉంది మరి.

“పోయిన చలికాలం మూడుసార్లు వచ్చిన అక్కా. మూడుసార్లూ మీ ఇంటికి తాళమే ఉండె. ‘ఇక్కడ లేరు’ అని రాసిన. పైన పేర్లు కొట్టేసిన్రు.”

“పత్తి పగిలిందంటే మా చర్చి వాడల సగం ఇండ్లకు తాళాలే. ఆదిలాబాద్ దిక్కు ఏరవోతం, మూడు నెలలకు వస్తం. నీకెర్కలేదా?”

మమతారాణికి ఎరుకే. 

ప్రిస్కిల్లా కోపం నిజానికి టీచరు మీద కాదు. మొన్న ఆదివారం పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా కూర్చుంది. సర్పంచ్ సీటు ఈసారి ఆడవాళ్లకు వచ్చింది. ఊరి పెద్ద ఓంప్రకాశ్ పటేల్ లేచి, మా ఇంటామెను పెడుతున్న, ఎవరూ ఎదురు నిలవొద్దు, ఏకగ్రీవం చేద్దాం అన్నాడు. ఆ ఇంటామె మాత్రం అక్కడికి రాలేదు. పెద్దలంతా తలలూపారు. అప్పుడు లేచింది ప్రిస్కిల్లా.

“మా వాడకు నీళ్ల నల్ల ఎప్పుడొస్తది పటేలా? పోయినసారి గూడ ఇస్తమన్నరు.”

“ఓటర్ల లిస్టుల పేరే లేదు, నీకేం మాటలే? కూసో!”

అందరూ ఘొల్లున నవ్వారు. నలభై ఆరేళ్ల మనిషి, అదే ఊళ్లో పుట్టి అదే ఊళ్లో పెళ్లి చేసుకున్న మనిషి, చిన్నపిల్లలా కూర్చుంది. తల కొట్టేసినట్టయింది ఆమెకు. 

“పోలింగే ఉండదంటుండ్రు గదా అక్కా,” అంది మమతారాణి మెల్లగా. “గింత పరేషాన్ ఎందుకు?”

“పోలింగ్ అయితే ఏంది, కాకుంటే ఏంది? నా పేరు నాకు గావాలె. ఎలచ్చన్ల నోటీసు వడేలోపల ఎక్కుతదా, ఎక్కదా? గది చెప్పు.”

“పది రోజులే ఉన్నయ్. జర గట్టిగ తిరగాలె.”

“తిరుగుత.”

మమతారాణి అప్పటికప్పుడే ఫారం నింపింది. తన వల్లే పోయిన పేరు కదా, ఆమెకూ లోపల గుచ్చుకుంటూనే ఉంది.

ఇక చూడండి తిరుగుడు! ఖానాపూర్ తహసీల్ ఆఫీసుకు మొదటిసారి పోతే సర్వర్ పని చేయలేదు. రెండోసారి పోతే ఫొటోలో కళ్లు మూసుకున్నావని వెనక్కి పంపారు. ప్రిస్కిల్లా స్టూడియోలో కూర్చుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా రెప్ప వేయకుండా ఇంకో ఫొటో దిగింది. నోటీసు రేపనగా, మూడోసారి కాగితం తీసుకున్నారు. ఈలోగా పత్తి ఏరే గుంపు ఆమెను వదిలేసి ఆదిలాబాద్ బండెక్కింది.

మొగుడు పేతురు పేరు కూడా పోయింది గానీ, ఆయన తర్వాత చూద్దాంలే అనే రకం.

“నీకు పిచ్చి గిట్ల లేచిందా? ఓటే పడని ఊరిల ఓటు కోసం కూలి ఇడిసిపెడ్తవా?” అన్నాడు.

“నీకేం, నిన్ను కూసో అన్లేదు.”



నామినేషన్లకు చివరి రోజు మధ్యాహ్నం మమతారాణి ఫోన్ చేసింది. “అక్కా, అదనపు లిస్టు వచ్చింది! నీ పేరున్నదంట. లిస్టు పక్కూరిల, నామినేషన్ల ఆఫీసుల ఉంది.”

ప్రిస్కిల్లా పెట్టెలోని మంచి చీర కట్టుకుంది. తోడుకు పక్కింటి ఐలవ్వను లేపి ఆటో ఎక్కింది.

ఆ ఆఫీసు ముందు ఓంప్రకాశ్ పటేల్ దండలతో, రెండు డప్పులతో, స్వీటు డబ్బాలతో దిగి ఉన్నాడు. ఊరి నుంచి పడింది ఒక్కటే నామినేషన్, వాళ్ల ఇంటామెది. ఐదు కొట్టగానే ఏకగ్రీవం. ఇంకా ఇరవై నిమిషాలుంది.

“ఏం ప్రిస్కిల్లా, స్వీటు కోసం వచ్చినవా?”

“లిస్టుల నా పేరు సూసుకుందామని వచ్చిన పటేలా.”

పటేల్ కడుపుబ్బ నవ్వాడు. సంతోషంలో ఉన్నాడేమో, తనే తలుపు దాకా వచ్చి లోపలికి కేకేశాడు. “సార్, పాపం గీమెకు జర లిస్టు సూపియ్యున్రి. పదిహేను రోజుల సంది పరేషాన్ అయితుంది.”

అధికారి కాగితాలు తిప్పాడు. “ఇదిగో. ఆరువందల పన్నెండు.”

ప్రిస్కిల్లా బైబిలు చదువుకుంటూ నేర్చుకున్న చదువంతా కూడదీసుకుని, అక్షరం అక్షరం పైకే చదివింది. “ప్రిస్కిల్లా. భర్త పేతురు. వయసు నలభై ఆరు.” గర్వంతో ఆమె కళ్లు నిండాయి. కళ్లు తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

“పేరు మంచిగ వడ్డదానే?” అంది ఐలవ్వ.

“వడ్డదవ్వా, మంచిగ వడ్డది.” అధికారి వైపు తిరిగింది. “అయితే నేను మా ఊరి ఓటరునే గద సార్? ఎవ్వలు కాదనరు గద?”

“ఎవరూ కాదనలేరమ్మా. సంతోషమే కదా? ఇక పోయిరా.”

ప్రిస్కిల్లా పోలేదు, నింపి తెచ్చిన తన నామినేషన్ పత్రం తీసి ఆయన ముందు పెట్టింది.