పైనుంచి పడే చుక్కలు

వఫా తాడు మీది నుంచి, ఒంటి నిండా తొడుక్కునే తన అబాయా తీసి వెలుగులో పట్టి చూసింది. నల్లటి గుడ్డ మీద భుజం నుంచి మోకాలి దాకా ఇటుకరంగు మచ్చలు. మళ్ళీ బ్లీచింగే. ఇది రెండోది.

మొదటిది పాడైనప్పుడు పై అంతస్తు సుహైర్ తప్పు ఒప్పుకుంది. తెల్ల దుప్పట్లు సరిగ్గా పిండకుండానే ఆరేశానని, కింద చూసుకోలేదని అంది. బదులుగా ఆకుపచ్చ గుడ్డ కొని తెచ్చింది. మొగుడు పోయినదానికి ఆకుపచ్చ!

"చేసిందంతా చేసి పచ్చగుడ్డతో సరిపెడతావుటే?" అని వఫా అత్త ఇన్షిరాహ్ దాన్ని లాక్కుని పెట్టెలో పడేసింది.

ఈసారి సుహైర్ ఒప్పుకోలేదు. "నా పిల్లల మీద ఒట్టు వఫా! ఆ రోజు నుంచి బ్లీచింగ్ కొనడమే మానేశాను," అంది మెట్ల మీద ఎదురుపడి.

ఒట్టు తీసి గట్టున పెట్టే రకం, అనుకుంది వఫా.

సుహైర్ ఇదంతా కావాలనే చేస్తోందని ఆమె అనుమానం. సుహైర్‌కు హాజిమ్ అని ఒక తమ్ముడున్నాడు. అలెగ్జాండ్రియా ఓడరేవులో గుమాస్తా. భార్య పోయింది. మొన్న రంజాను పండక్కి అతని ఊసెత్తి, "ఇంకెన్నాళ్ళమ్మా ఈ నలుపు?" అని సుహైర్ మెల్లగా కదిపింది. వఫా మాట తుంచేసింది. నిజానికి హాజిమ్ పేరు వింటే ఆమెకు కోపం రాలేదు. రానందుకే తన మీద తనకు కోపం వచ్చింది.

భర్త ఎసాం పోయి మూడేళ్ళయినా నలుపు విప్పలేదంటే, అది ఎసాం కోసం ఎంతో, అతన్ని కన్నతల్లి కోసం అంతకు రెట్టింపు. ఒకే ఇంట్లో ఉంటూ ఆ ముసలి కళ్ళ ముందు రంగుబట్ట ఎలా కట్టడం? ఆ గుండె ఆగిపోదూ? వీధి ఊరుకుంటుందా?

అత్త బాల్కనీలోకి వచ్చి, పైనుంచి తాడుతో కూరల బుట్ట దింపుతున్న సుహైర్‌ను పట్టుకుంది.

"ఒసే సుహైర్! కళ్ళు నెత్తికెక్కాయిటే? నా కోడలికి కట్టుకోను నల్లగుడ్డ లేకుండా చేస్తున్నావు కదే! రేపు అది రంగుబట్ట కట్టిందంటే ఆ పాపం నీది, దానిది కాదు! దాన్నెవరైనా ఒక్క మాటంటే నా చెప్పు మాట్లాడుతుంది! విన్నారా అందరూ?"

వీధంతా విన్నది. చేపల బండివాడు తక్కెడ దింపి మరీ విన్నాడు. సిగ్గుతో వఫా తలుపు చాటుకు పోయింది.

ఇక మిగిలింది ఒక్క అబాయా. గురువారం పిన్ని కూతురి నిశ్చితార్థం. బుధవారం మధ్యాహ్నం వఫా దాన్ని ఉతికింది. ఈసారి ఆ చుక్కల సంగతేమిటో తేల్చుకోవాలనుకుంది.

గురువారం పొద్దున చూస్తే వీపంతా ఇటుకరంగు మచ్చలు.

అత్త అప్పటికే బాల్కనీలో ఉంది. "మూడోది కూడా తగలేశావుటే, నీ చెయ్యి పడిపోను!"

"నేనేం చేశాను పెద్దమ్మా!" పైనుంచి సుహైర్ ఏడుపు గొంతు.

"నువ్వు కాకపోతే ఆకాశం కార్చిందా?"

తిట్లు ఆపకుండానే అత్త లోపలికి వచ్చి పెట్టె తెరిచింది. ఆ ఆకుపచ్చ గుడ్డ గౌనై ఉంది.

"పురుగులు కొట్టేస్తాయని కుట్టించి పడేశాను. ఏం చేస్తాం, వేరే దారి లేకుండా చేసింది ఆ కళ్ళులేనిది. వేసుకో," అంది ముఖం తిప్పుకుని.

వఫా వేసుకుంది. ఎక్కడా వదులు లేదు, బిగుతు లేదు. అత్త వంక చాలాసేపు చూసింది.

నిన్న ఆ అబాయాను ఆమె తాడు మీద వెయ్యనేలేదు, అత్త మంచం పక్కనున్న కుర్చీ మీద ఆరేసింది.