గోరువెచ్చన

"మల్ల తగ్గించినవ్ గదనే?" వంటింటి మూలనున్న స్నానాల మోరీలోంచే కేకేసింది మంగళ.

పొయ్యి దగ్గరున్న కోడలు దర్శన ఉలిక్కిపడింది. "నేను గీజరు ముట్టనే లేదత్తమ్మా!"

ముట్టలేదట. ఎవరు నమ్ముతారు?

రోజంతా బట్టల దుకాణంలో నిలబడి కామాటిపుర పన్నెండో గల్లీకి చేరేసరికి మంగళ కాళ్లు గుంజేస్తాయి. హ్యాండ్ షవరు పట్టుకుని పాదాల మీద వేడినీళ్లు పోసుకోవడమొక్కటే ఆమెకున్న సుఖం. గీజరు కొన్న కొత్తలో మీట సగానికి తిప్పితే చాలు, ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు చివరిదాకా తిప్పినా గోరువెచ్చనే. చన్నీళ్లు కలపడం ఎప్పుడో మానేసింది. అయినా అంతే.

పైగా కొడుకు విక్కీ సణుగుడొకటి. "మేం అరబకెట్ వేడినీల్లు పట్టుకొని సల్లనీల్లు కలుపుకుంటమమ్మా. నువ్వు పోయినవంటే టాంకీ మొత్తం ఖాళీ!"

ఈ మాటలు వాడివి కావు. ఎవరు నూరిపోశారో మంగళకు తెలుసు.

కోడలు మార్చిన సబ్బు కూడా అలాంటిదే. అది వాడినప్పటి నుంచీ పాదాల మీద ఎర్రటి మచ్చలు.

ఆలోచిస్తుంటే ఒక్కసారిగా వెలిగింది. దర్శన తమ్ముడు ప్రతీక్ గీజర్లు బాగుచేస్తాడు. మొన్న అక్కను చూడ్డానికి వచ్చి మోరీలోకి తొంగిచూశాడు కూడా!

ఆదివారం మంగళ ఎవరినీ మోరీ దరిదాపులకు రానివ్వలేదు. మీట తనే చివరికంటా తిప్పింది. గీజరు మీది ఎర్రలైటు ఆరేదాకా కళ్లార్పకుండా కాపలా కాసింది. నీళ్లు వదిలింది.

అవే నీళ్లు.

ఇక ఆగలేదు. నాగ్‌పాడా నుంచి గీజరు మెకానిక్ నిలేష్‌ను పిలిపించింది. అతడు గీజరును పైకీ కిందికీ చూశాడు.

"మంచిగనే ఉంది గద చిన్నమ్మా?"

"పైకి అట్లనే ఉంటది. లోపల ఏదో మార్చిండు, ఈమె తమ్ముడు."

"మా తమ్ముని పేరు తియ్యకుండ్రి అత్తమ్మా," దర్శన పొయ్యి కట్టేసి వచ్చింది. "వాడు గీజరు మీద చెయ్యి కూడా పెట్టలే."

"గట్లనా? ఇప్పుడే తెలుస్తది!" మంగళ షవరు తిప్పి, ధార కింద అరచెయ్యి చాపింది. "చూడు నిలేష్, గివి వేడినీల్లా? నువ్వే చెప్పు!"

నిలేష్ మసకబారిన కళ్లద్దాలు తుడుచుకుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆమె చేతి పక్కనే తన చెయ్యి పెట్టాడు.

"అయ్యో, కాలింది!" అంటూ అతడు చెయ్యి వెనక్కి లాక్కుని ఎగిరి గంతేశాడు గానీ, మంగళ అరచెయ్యి మాత్రం ఎర్రగా కమిలిపోతూ అదే ధార కింద కదలకుండా ఉంది.