సగం ధరకే

ఐసీయూ తలుపు ముందుకి వచ్చేసరికి అతని చేతిలో ఉన్నవి మూడే. తడిసిన గొడుగు, ఖాళీ ఫ్లాస్కు, ఎలాంటివాణ్ణయినా ఒప్పించగల నోరు. గొడుగుల వ్యాపారికి ఆ మూడోదే అసలు పెట్టుబడి.

గార్డు అడ్డం నిలబడ్డాడు.

"లోపలున్నాయనకి మీరేమవుతారు? రక్తసంబంధం అయితేనే పంపుతాం."

"అన్నని."

"పోలికలు లేవే!"

"వాడిది వాళ్ళమ్మ పోలికయ్యా. నీకిప్పుడు పోలికలు కావాలా, మనిషి కావాలా?"

గార్డు నవ్వి దారిచ్చాడు.

మంచం మీది మనిషికి బ్లడ్ కాన్సర్. మందులు పనిచేస్తూనే ఒంట్లో సత్తువంతా పీల్చేశాయి. ఆ అదనులో ఊపిరితిత్తులకి జబ్బు పట్టుకుంది. కొట్లోనే కుప్పకూలిపోతే వ్యాపారే కారెక్కించి తీసుకొచ్చాడు. ఇప్పుడు నోట్లో గొట్టం, పక్కన మిషను. అతని కోసం ఇంకెవరూ రాలేదు. రావడానికి ఎవరూ లేరు.

డాక్టరమ్మ వ్యాపారిని పక్కగదిలో కూర్చోబెట్టింది.

"ఇంటివాళ్ళంటే మీరొక్కరే కాబట్టి దాచకుండా చెబుతున్నా. కొన్నాళ్ళు చూద్దాం. మెరుగు కనబడకపోతే మిషను మీద ఉంచి బాధపెట్టడం ఎందుకు? ఆపేద్దామంటే ఆపేద్దాం. మీ మాటే ఆఖరు."

అతను గొడుగు పిడి ఒకసారి తిప్పాడు. ఇంత పెద్ద బేరం ఇంత సులువుగా చేతికి రావడం అతని జన్మలో ఎప్పుడూ లేదు.

"ఇలాంటివాళ్ళు పదిమందిలో ఎంతమంది ఇంటికెళ్తారమ్మా?"

"గొట్టం దాకా వచ్చాక... నలుగురు అనుకోండి."

"ఆరు చేసుకోండి."

డాక్టరమ్మ తలెత్తింది. "ఇది బేరమాడేది కాదండీ."

"పోనీ మీ మాటా వద్దు, నా మాటా వద్దు. అయిదు."

ఆమెకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. అతను మాత్రం నవ్వడం లేదు.

"సరే, ఇది చెప్పండి. రేటు ఎటు పోతోంది? ఎక్కుతోందా, దిగుతోందా?"

"ఎక్కుతోంది. నేను చదువుకునే రోజుల్లో కాన్సర్ వాళ్ళని ఐసీయూలోకి తీసుకోవడానికే వెనకాడేవాళ్ళు. గొట్టం వేస్తే ఏ ఒక్కరో ఇద్దరో బయటపడేవాళ్ళు. ఇప్పుడు మందులు మారాయి. ఎవర్ని ఎప్పుడు తీసుకురావాలో మాకూ తెలిసొచ్చింది. ఏటేటా కాస్త నయమే."

"ఎక్కుతున్న సరుకుని తెగనమ్ముకుంటామా? ఉంచండి."

పగలంతా కొట్టు. ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. జనం ఎగబడుతున్నారు. ఇన్నేళ్ళలో అంత గిరాకీ ఎరగడు. గల్లా మూసి, అలవాటుగా తలెత్తి రోడ్డువైపు చూసేవాడు. వెంటనే దించుకునేవాడు.

ఇంట్లో భార్య పోయాక నోరు తెరిచేది కుక్కరొక్కటే. తిట్టుకోవడానికైనా మనిషి లేకపోతే రోజు ఎంత పొడుగవుతుందో అతనికి ఇప్పుడే తెలుస్తోంది.

సాయంత్రమైతే ఆస్పత్రి. హాల్లో మిగతావాళ్ళు కుటుంబాలు కుటుంబాలుగా చేరి, ఒకరి భుజం మీద ఒకరు కునుకు తీసేవాళ్ళు. అతని పక్క కుర్చీలో గొడుగు కూర్చునేది.

"ఊరికే నిలబడతారేంటి బాబాయ్ గారూ, ఏదైనా మాట్లాడండి. స్పృహ లేకపోయినా వినబడొచ్చు" అంది సిస్టరు.

ఏం మాట్లాడాలి? వాళ్ళిద్దరి మధ్య మాటలు ఆగిపోయి ఎన్నేళ్ళయిందో. అతను గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్... వాన పట్టిందిరా."

చలనం లేదు.

"మడత గొడుగులన్నీ సగం ధరకే ఇచ్చేస్తున్నా."

మిషను మీద గీత ఒక్కసారిగా ఎగిరింది. కనురెప్ప అదిరింది.

"చూశారా!" సిస్టరు కళ్ళు చెమర్చాయి. "అన్న గొంతు వినగానే గుండె ఎలా లేచిందో! రక్తసంబంధం ఎక్కడికి పోతుంది?"

మర్నాడు వ్యాపారి పిల్లల గొడుగుల రేటు తగ్గించానని చెప్పాడు. ఆ తరవాత పెద్ద గొడుగులు. ఆపైన రెయిన్ కోట్లు. రోజుకో సరుకు చెవిలో వేసేవాడు. గీత రోజూ ఎగిరేది. ఒకరోజు రెయిన్ కోటు మాట వినగానే రోగి పిడికిలి బిగిసింది.

జబ్బు లొంగింది. గొట్టం తీశారు.

"నలుగురిలోనో, అయిదుగురిలోనో, మొత్తానికి మీవాడు పడ్డాడండీ" అంది డాక్టరమ్మ.

అతను తల పంకించి, ఫ్లాస్కు మూత తిప్పబోయాడు. బిగుసుకునే వైపే తిప్పుతున్నాడు.

లోపల సిస్టరు రోగిని దిండుకి ఆనించి కూర్చోబెట్టింది.

"ఇటు చూడండి. మీ అన్నయ్య ఒక్కరోజు కూడా మానకుండా వచ్చారు."

రోగి నుదురు ముడిపడింది. సిస్టరు అది నీరసం అనుకుంది.

"నిజంగా... సగానికే అమ్మావా?" గొంతు గరగరలాడింది.

"అమ్మేశాను. చేతనైతే లేచొచ్చి ఆపు."

రోగి కళ్ళు ఎర్రబడ్డాయి. దుప్పటి తన్నడానికి కాలు లేపబోయాడు. లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు.

వ్యాపారి గొడుగు చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. బయట వాన పడుతున్నా దాన్ని తెరవాలని తోచలేదు.

నిజానికి ఒక్క గొడుగు కూడా రేటు తగ్గించి అమ్మలేదు. గల్లా నిండుగానే ఉంది. కానీ ఆ సీజనులో అతను లాభం కింద వేసుకున్నది ఒక్కటే: ఏ చుట్టరికమూ లేని ఆ మనిషి, ముప్పై ఏళ్ళుగా తను మూయించాలని చూస్తున్న ఎదురు గొడుగుల కొట్టు షట్టరు మళ్ళీ ఎత్తబోతున్నాడు.