చాటెడు తవుడు

"హిందువుల పిల్లకి మస్తానమ్మని పేరేంటండి?" అన్నాడు చలపతిరావు, టేప్ రికార్డర్ నొక్కి.

ఊళ్ళలో పేర్ల వెనకుండే ఆచారాల మీద పరిశోధన ఆయనది. చీమ చిటుక్కుమన్నా రాసుకునే మనిషి. ఎనభై తొమ్మిది మే నెలలో రేపల్లె వచ్చి, కరీమాబీ అరుగు మీద కూర్చున్నాడు. పక్కింట్లో పెళ్ళి సన్నాయి మోగుతోంది.

కరీమాబీ వక్కలు కత్తిరిస్తూ చెప్పింది. గొంతులో తొణుకూ లేదు, బెణుకూ లేదు.

"పక్కింటి బసవమ్మకి ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోయారండి. నాలుగోది పుట్టగానే నాకమ్మేసింది, చాటెడు తవుడుకి. చావు వాళ్ళింటికొచ్చి వెతుక్కుని, ఉత్త చేతుల్తో పోవాలని. కొన్నది మేం కదా, మా పేరే పెట్టాం."

"పిల్ల మీ దగ్గరే ఉందా?"

"నలభై రోజులు. కన్నతల్లి మొహం కూడా చూడకూడదండి. చూస్తే చావు ఆనవాలు పట్టేస్తుందంట. అప్పుడు నాకూ పసిగుడ్డే, ఆడపిల్లే. ఇద్దరికీ నా పాలే."

"మరి మీ పాప...?"

"ఇరవయ్యో రోజున సంధి కొట్టిందండి. ఇద్దరిలో ఒకటే దక్కింది."

చలపతిరావు పెన్ను ఆగింది. తర్వాత 'బసవమ్మ విషయంలో ఆచారం ఫలించింది' అని రాసుకున్నాడు.

"ఇదీ పోతే కాలవలో దూకుతానక్కా అంది బసవమ్మ. దూకేదేనండి."

మాటల్లోనే బసవమ్మ వచ్చింది. పట్టుచీర, చేతిలో చాట, వెనక పెళ్ళికూతురు.

"అక్కా, పీటల మీద కూచోబెట్టేముందు తిరిగి కొనుక్కోవాలంట. నీ తవుడు నువ్వు తీసుకో, నా పిల్లని నాకిచ్చెయ్!" అంటూ నవ్వింది.

మస్తానమ్మ వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది. బాపట్ల సంబంధం. రేపీపాటికి వెళ్ళిపోతుంది. కరీమాబీ ఆ పిల్ల గడ్డం పట్టుకుని చూసింది. ఏడుపొస్తుందేమోనని చూసుకుంది. రాలేదు.

"తీసుకుపోవే, ఇచ్చేశాను" అంది.

వాళ్ళు వెళ్ళాక చలపతిరావు మెల్లగా అడిగాడు. "ఇచ్చేస్తుంటే బాధనిపించలేదా అండి?"

"ఒకసారి ఇచ్చిన చెయ్యే కదండీ."

ఆయన టేపు ఆపేసి సెలవు తీసుకున్నాడు.

పక్కింట్లో తన కడుపున పుట్టిన పిల్ల పీటలెక్కుతుంటే, కరీమాబీ ఆ తవుడు కొంగున కట్టుకుని ఖబరస్తాన్‌కి నడిచింది, పందొమ్మిదేళ్ళుగా అక్కడున్న బసవమ్మ కూతురికి 'మీ అమ్మొచ్చి నిన్ను కొనుక్కుందే తల్లీ' అని చెప్పడానికి.